పాట నట్టనడుమ గొంతు: హెడ్‌ఫోన్లలో ఒకలా, స్పీకర్లలో మరోలా

నెల్లూరు నుంచి కావలి వెళ్ళే బస్సులో కిటికీ పక్క సీటు. ఫోనులో పాట నడుస్తూ ఉంటుంది. బస్సు గుంతలో పడి లేచేసరికి ఇయర్‌ఫోన్ జాక్ కాస్త బయటికి జరుగుతుంది. అంతే, గాయకుడి గొంతు మాయం. వయొలిన్లు ఉంటాయి, కోరస్ ఉంటుంది, గొంతు తాలూకు ప్రతిధ్వని మాత్రం నూతిలోంచి వస్తున్నట్టు సన్నగా వినిపిస్తుంది. జాక్‌ను లోపలికి నొక్కగానే గొంతు మళ్ళీ తన చోటికి వచ్చి కూర్చుంటుంది. వైరున్న ఇయర్‌ఫోన్లు వాడిన చాలామందికి ఇది అనుభవమే. వైరు పాడైందనుకుని ఊరుకుంటారు. నిజానికి స్టీరియో, అంటే ఎడమకూ కుడికీ వేర్వేరు శబ్దాలు పంపే పద్ధతి, ఎలా పనిచేస్తుందో ఇంత తేలికగా చూపించే ప్రయోగం మరొకటి లేదు.

జాక్ మీద ఎడమ ఛానెల్‌కు ఒక లోహపు కట్టు, కుడి ఛానెల్‌కు ఒకటి, రెండింటికీ ఉమ్మడిగా గ్రౌండ్ ఒకటి ఉంటాయి. గ్రౌండ్ సరిగా తగలనప్పుడు విద్యుత్తు ఎడమ ఇయర్‌ఫోన్ గుండా వెళ్ళి కుడి ఇయర్‌ఫోన్ గుండా తిరిగి వస్తుంది. అప్పుడు రెండు ఛానెళ్ళలోనూ ఒకేలా ఉన్నదంతా పరస్పరం రద్దయిపోతుంది. తేడాగా ఉన్నది మాత్రమే మిగులుతుంది. పాటలో ముఖ్యమైన గొంతును ఎడమకూ కుడికీ సమానంగా పంచుతారు కనుక ముందు పోయేది అదే. పక్కలకు జరిపిన వయొలిన్లూ కోరసూ తేడాలో భాగం కనుక అవి నిలుస్తాయి.

రికార్డింగు పనిలో ఉన్నవాళ్ళు ఉమ్మడిగా ఉన్న భాగాన్ని ‘మిడ్’ అనీ, తేడాగా ఉన్న భాగాన్ని ‘సైడ్’ అనీ అంటారు. ఎడమ, కుడి కలిపి సగం చేస్తే మిడ్. ఎడమలోంచి కుడిని తీసేసి సగం చేస్తే సైడ్. ఈ రెండింటినీ కూడితే ఎడమ తిరిగి వస్తుంది, మిడ్‌లోంచి సైడ్ తీసేస్తే కుడి తిరిగి వస్తుంది. ఎఫ్.ఎం. రేడియోలో స్టీరియో ప్రసారం నడిచేది కూడా ఈ లెక్క మీదే. 1961లో అమెరికా ఆమోదించిన పద్ధతిలో కూడిక మామూలుగా వెళుతుంది, తేడా 38 కిలోహెర్ట్జ్ దగ్గర విడిగా వెళుతుంది. ఒంగోలు నుంచి జాతీయ రహదారి మీద దక్షిణానికి వస్తున్న కారులో సిగ్నల్ బలహీనపడినప్పుడు రేడియో తేడా భాగాన్ని తగ్గించేసి కూడికను మాత్రమే వినిపిస్తుంది. పాట ఆగదు, వాద్యాలు పక్కలకు పరుచుకున్నట్టు వినిపించే వెడల్పు మాత్రం ముడుచుకుపోతుంది.

‘స్టీరియో వైడ్’, ‘త్రీడీ సౌండ్’, ‘సరౌండ్’ అంటూ ఫోన్లలోనూ, ప్లేయర్లలోనూ, మిక్సింగు సాఫ్ట్‌వేర్లలోనూ కనిపించే మీటల్లో చాలావాటి పని సైడ్‌ను పెంచడమే. మిగిలినవి ఆలస్యాన్నో, తల చుట్టూ శబ్దం వంగే తీరునో అనుకరిస్తాయి. వీటితో ప్రయోగాలు చేసే యువకులు ఇప్పుడు చిన్న పట్టణాల్లోనూ ఉన్నారు. భక్తి పాటలు, లఘుచిత్రాలు, జానపద పాటలు ఇంటి గదిలోనే మిక్స్ చేస్తున్నారు. వాళ్ళకు ఎదురయ్యే చిక్కు ఒకటే. హెడ్‌ఫోన్లలో ఒళ్ళు పులకరించేలా విన్న వెడల్పు స్పీకర్లలో ఉండదు. స్పీకర్లలో చక్కగా కుదిరింది పందిట్లో మైకుసెట్టు మీద వేస్తే సగం వాద్యాలు కనిపించకుండా పోతాయి. తప్పు సాఫ్ట్‌వేరుది కాదు. వెడల్పు అనేది ఫైలులో ఉండే వస్తువు కాదు. రెండు ఛానెళ్ళు రెండు చెవులను ఏ దారిలో చేరాయన్నదాన్ని బట్టి మెదడు వేసే లెక్క అది. దారి మారితే లెక్క మారుతుంది.

చెవి చూసే రెండు గుర్తులు

పెన్నా మీది రైలు వంతెనకు కొంచెం ఎడంగా ఒడ్డున నిలబడి, కళ్ళు మూసుకుని, రైలు వెళుతుంటే వింటే ఇంజను ఎక్కడుందో, చివరి పెట్టె ఎక్కడుందో వేలితో చూపించవచ్చు. చూపించగలగడానికి ఆధారం రెండు గుర్తులు. రైలు ఎడమవైపున ఉంటే శబ్దం ఎడమ చెవికి ముందు చేరుతుంది, కుడి చెవికి తల చుట్టూ తిరిగి కాస్త ఆలస్యంగా చేరుతుంది. ఎంత ఆలస్యం? శబ్దం సెకనుకు దాదాపు 345 మీటర్లు పోతుంది. తల చుట్టు దారి ఇరవై సెంటీమీటర్ల పైచిలుకు. కాబట్టి పూర్తిగా పక్కనుంచి వచ్చే శబ్దానికి ఆలస్యం సుమారు 0.65 మిల్లీసెకను, అంతకు మించదు. ఈ చిన్న అంతరంలోనే మెదడు దిక్కులన్నీ సర్దుకుంటుంది. బాగా అనుకూలమైన పరిస్థితుల్లో మనిషి చెవులు సెకనులో లక్షో వంతు తేడాను కూడా పసిగడతాయి. అంటే శబ్దం మూడున్నర మిల్లీమీటర్లు ప్రయాణించే సమయం.

రెండో గుర్తు బలం. తల అడ్డుపడటం వల్ల అవతలి చెవికి శబ్దం బలహీనంగా చేరుతుంది. అయితే ఈ నీడ మంద్రం నుంచి తారం దాకా అన్ని స్థాయిలకూ ఒకేలా పడదు. 100 హెర్ట్జ్ మంద్ర ధ్వని తరంగం పొడవు మూడు మీటర్లకు పైనే. దానికి మనిషి తల లెక్కలోకే రాదు, వంగి అవతలికి వెళ్ళిపోతుంది. 6,000 హెర్ట్జ్ దగ్గర తరంగం ఆరు సెంటీమీటర్లలోపే. అక్కడ తల గోడలా నిలబడుతుంది, రెండు చెవుల మధ్య తేడా 20 డెసిబెళ్ళ (శబ్దం బలానికి కొలత) దాకా పోవచ్చు. అందుకే సుమారు 1,500 హెర్ట్జ్ లోపు ఆలస్యం ప్రధానమనీ, ఆ పైన బలం ప్రధానమనీ బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ 1907లో వివరించారు. కొన్ని సవరణలతో ఆ మాట నేటికీ నిలిచే ఉంది. వేసవిలో నెల్లూరు ఎండకు శబ్దవేగం కొంచెం పెరుగుతుంది. 42 డిగ్రీల దగ్గర సెకనుకు 357 మీటర్ల దాకా వస్తుంది. కానీ ఈ లెక్కల్లో ఆ తేడా మూడు నాలుగు శాతమే, చెవి పట్టించుకోదు.

ఈ గుర్తులను రెండు స్పీకర్లతో పుట్టించవచ్చని పూర్తి రూపంలో ఆలోచించినవాడు బ్రిటన్‌లో ఈ.ఎం.ఐ. సంస్థ ఇంజనీరు అలన్ బ్లమ్‌లైన్. సినిమా చూస్తుండగా తెర మీద మనిషి ఒక పక్కన ఉంటే మాట మరో చోటినుంచి రావడం ఆయనకు నచ్చలేదని చెబుతారు. 1931 డిసెంబరులో ఆయన వేసిన పేటెంటు దరఖాస్తులో నేటి స్టీరియోకు మూలమైన ఊహలు చాలావరకు ఉన్నాయి. మిడ్, సైడ్ లెక్క కూడా అందులోదే. 1935లో ఆయన బృందం హేస్ రైల్వేస్టేషను దగ్గర రైళ్ళు అటూ ఇటూ పోతుంటే స్టీరియో శబ్దంతో చిత్రీకరించింది. శబ్దం కదలికను చూపించడానికి రైలుకు మించినది అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. పెన్నా ఒడ్డున నిలబడితే ఆయన రైలునే ఎందుకు ఎంచుకున్నాడో తెలుస్తుంది.

నాలుగు దారులు, రెండు దారులు

స్పీకర్లు రెండైనా శబ్దం చెవులకు చేరే దారులు నాలుగు. ఎడమ స్పీకరును ఎడమ చెవి మాత్రమే వినదు, కుడి చెవి కూడా వింటుంది. కుడి స్పీకరు విషయమూ అంతే. స్పీకర్లు రెండూ, వినే మనిషీ సమాన దూరాల్లో త్రికోణంగా ఉన్నప్పుడు అవతలి చెవికి శబ్దం పావు మిల్లీసెకను ఆలస్యంగా, పై స్థాయిలు తగ్గి చేరుతుంది. పైకి లోపంలా కనిపించే ఈ కలగలుపే స్టీరియోకు ప్రాణం. రెండు స్పీకర్ల నుంచీ సమానంగా వచ్చిన గొంతు రెండు చెవులకూ ఒకే రకంగా చేరడం వల్ల, ఏ స్పీకరూ లేని నట్టనడుమ గాయకుడు నిలబడినట్టు వినిపిస్తుంది. ఒక ఛానెల్‌ను 6 డెసిబెళ్ళు తగ్గిస్తే గాయకుడు రెండో స్పీకరు వైపు కొంత జరుగుతాడు. త్రికోణం లెక్క ప్రకారం నడిమి నుంచి పదకొండు డిగ్రీలు. పూర్తిగా స్పీకరు దగ్గరికి చేరాలంటే తేడా 15 డెసిబెళ్ళు దాటాలి.

ఈ ఏర్పాటు ఎంత సున్నితమైనదో తెలుసుకోవడానికి ఏ పరికరమూ అక్కర్లేదు. రెండు మీటర్ల త్రికోణంలో కూర్చుని గొంతు నడుమ వినిపిస్తుండగా కుర్చీని ఒక జానెడు పక్కకు జరిపితే చాలు. ఇరవై సెంటీమీటర్లు జరిగితే రెండు స్పీకర్ల దూరాల్లో తేడా కూడా దాదాపు ఇరవై సెంటీమీటర్లే అవుతుంది, అంటే అర మిల్లీసెకను మించిన తేడా. గాయకుడు దగ్గరి స్పీకరు వైపు సగానికి పైగా వెళ్ళిపోతాడు. మరో జానెడు జరిగితే పూర్తిగా ఆ స్పీకరులో దూరిపోతాడు. సోఫాలో నలుగురు కూర్చుంటే గొంతు నడుమ వినిపించే అదృష్టం ఒక్కరికే.

హెడ్‌ఫోన్లలో దారులు రెండే. ఎడమది ఎడమకు, కుడిది కుడికి. కలగలుపు లేదు, తల నీడ లేదు, గది లేదు. అందువల్ల నడిమి గొంతు ఎదురుగా కాక తల లోపల, రెండు చెవుల మధ్యన వినిపిస్తుంది. ఒక పక్కకు పూర్తిగా జరిపిన వాద్యం చెవికి అంటుకున్నట్టు ఉంటుంది. స్పీకర్లలో పదకొండు డిగ్రీలు జరిగిన శబ్దం ఇక్కడ చాలా దూరం జరిగినట్టు తోస్తుంది. ఎందుకంటే రోజువారీ ప్రపంచంలో మంద్ర ధ్వని ఒక చెవిలో గట్టిగా, మరో చెవిలో మౌనంగా ఉండే సందర్భం దోమ చెవి దగ్గర తిరిగినప్పుడు తప్ప మరెక్కడా రాదు. అలాంటిది పాత స్టీరియో రికార్డింగుల్లో మృదంగమంతా ఒకే చెవిలో మోగుతుంటే కాసేపటికి అలసటగా ఉండటంలో ఆశ్చర్యం లేదు.

దీనికి విరుగుడు 1961లో బెంజమిన్ బాయర్ ప్రతిపాదించారు. స్పీకర్లలో జరిగే కలగలుపును కొద్దిగా హెడ్‌ఫోన్లలోకి తేవడమే ఆ ఊహ. ఎడమ ఛానెల్‌లో సుమారు 700 హెర్ట్జ్ పైభాగాన్ని మెల్లగా తగ్గించి, పావు మిల్లీసెకను ఆలస్యంతో, బలం తగ్గించి కుడి చెవికి కలపాలి. కుడిది ఎడమకు అలాగే. దీన్నే క్రాస్‌ఫీడ్ అంటారు. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్లలో ఎంత బలంగా కలపాలో ఎంచుకునే వీలుంది. మొదటిసారి విన్నప్పుడు క్రాస్‌ఫీడ్ నిరుత్సాహపరుస్తుంది. వెడల్పు తగ్గినట్టే ఉంటుంది, ‘త్రీడీ’ మీట నొక్కినప్పుడు కలిగే ఉలికిపాటు ఉండదు. అరగంట విన్నాక తీసేస్తే తెలుస్తుంది దాని విలువ. వాద్యాలు రెండు చెవులనూ పట్టుకుని లాగుతున్నట్టు అనిపిస్తుంది. పక్కలకు వాద్యాలను పూర్తిగా నెట్టేసిన పాత రికార్డింగులకు ఇది మందు. హెడ్‌ఫోన్లను దృష్టిలో పెట్టుకుని మిక్స్ చేసిన కొత్త పాటలకు అవసరం తక్కువ.

స్పీకర్ల వైపు నుంచి దీనికి సరిగ్గా తలకిందులైన ప్రయోగం కూడా జరిగింది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో బోధించి అమెరికా వెళ్ళిన బిష్ణు అటల్, మన్‌ఫ్రెడ్ ష్రోడర్‌తో కలిసి 1960ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో, స్పీకర్ల మధ్య కలగలుపును రద్దుచేసే పద్ధతి రూపొందించారు. ఎడమ స్పీకరు శబ్దం కుడి చెవికి చేరే క్షణానికి దానికి విరుద్ధమైన తరంగాన్ని కుడి స్పీకరు పంపుతుంది. కుదిరితే శబ్దం స్పీకర్ల అవతలి నుంచి, భుజం పక్కనుంచి కూడా వినిపిస్తుంది. అయితే తల కొన్ని సెంటీమీటర్లు కదిలితే లెక్క చెదిరిపోతుంది. ల్యాప్‌టాప్ ముందు కదలకుండా కూర్చున్న ఒక్క మనిషికి ఇది అద్భుతం, ఇంటిల్లిపాదీ కూర్చునే హాలుకు పనికిరాదు.

ఒక పద్యం, అయిదు ఆలస్యాలు

చదివి నమ్మడం కన్నా చేసి చూడటం మేలు. ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేరు, ఒక ఫోను, మామూలు హెడ్‌ఫోన్లు, రెండు స్పీకర్లు ఉంటే చాలు. ముందుగా ప్రతిధ్వని లేని గొంతు కావాలి. బట్టలతో నిండిన బీరువా తలుపులు రెండూ బార్లా తీసి, దానికి ఎదురుగా నిలబడి, తిక్కన పద్యం ఒకటి చదివి ఫోనులో రికార్డు చేస్తే స్టూడియోకు కాస్త దగ్గరగానే వస్తుంది. తిక్కనే ఎందుకంటే, ఊరి కవి అన్న మమకారం ఒకటైతే, ఆయన పద్యంలో ద్విత్వాలూ పరుషాలూ దండిగా ఉంటాయి. ఆలస్యం ఎక్కడ దొరికిపోతుందో క, చ, ట, త, ప అక్షరాల దగ్గరే ముందు తెలుస్తుంది.

ఆ రికార్డింగుకు నకలు తీసి ఒకదాన్ని పూర్తిగా ఎడమకు, మరోదాన్ని పూర్తిగా కుడికి పెట్టాలి. రెండూ కచ్చితంగా ఒకే చోట మొదలైతే గొంతు నడుమ ఉంటుంది. ఇప్పుడు కుడిదాన్ని కొద్దికొద్దిగా వెనక్కి జరపాలి. సెకనుకు 48,000 శాంపిళ్ళ, అంటే సెకనులో శబ్దాన్ని అన్నిసార్లు కొలిచే, రికార్డింగులో 12 శాంపిళ్ళు అంటే పావు మిల్లీసెకను. హెడ్‌ఫోన్లలో బలం ఏమాత్రం మారకుండానే గొంతు ఎడమ కణత వైపు జరుగుతుంది. 31 శాంపిళ్ళ దగ్గర, అంటే 0.65 మిల్లీసెకను దగ్గర, ఎడమ చెవి దాకా వెళ్ళిపోతుంది. 48 శాంపిళ్ళతో ఒక మిల్లీసెకను చేసినా అంతకన్నా దూరం పోదు. తలకు ఉన్న వెడల్పు అంతే మరి. స్పీకర్లలో ఇదే ప్రయోగం ఇంత నికరంగా రాదు. గొంతు ఎడమకు జరుగుతుంది గానీ అంచులు చెదురుతాయి, తల కదిలించినప్పుడల్లా స్వరం రంగు మారుతుంది.

720 శాంపిళ్ళ దగ్గర, 15 మిల్లీసెకన్ల ఆలస్యంలో, అసలు సంగతి బయటపడుతుంది. పద్యం రెండుసార్లు వినిపించదు. ఒక్కటే గొంతు, ఎడమవైపు నిలబడి ఉంటుంది, కానీ ఒక్కసారిగా పెద్దదవుతుంది, చుట్టూ గది వచ్చినట్టు ఉంటుంది. 1949లో జర్మనీలోని గోటింగెన్‌లో హెల్ముట్ హాస్ తన పరిశోధనలో కొలిచింది ఇదే. ముందు వచ్చిన శబ్దమే దిక్కును నిర్ణయిస్తుంది. 5 నుంచి 30 మిల్లీసెకన్ల మధ్య వెనక వచ్చిన శబ్దం 10 డెసిబెళ్ళు ఎక్కువ బలంగా ఉన్నా దాన్ని మెదడు విడి శబ్దంగా ఒప్పుకోదు, ముందుదానికి బలంగా కలిపేసుకుంటుంది. 1,920 శాంపిళ్ళకు, 40 మిల్లీసెకన్లకు, పోయేసరికి పరుషాలు విడిపోవడం మొదలవుతుంది. ‘క్క’ అన్నచోట రెండు దెబ్బలు వినిపిస్తాయి. ఆలస్యం ఇంకా పెరిగితే ఏమవుతుందో ఊరి ఊరేగింపుల్లో అందరూ విన్నదే. వీధి పొడవునా యాభై మీటర్లకొకటి చొప్పున కట్టిన గొట్టాల నుంచి ప్రతి మాటా 145 మిల్లీసెకన్ల తేడాతో రెండుసార్లు, మూడుసార్లు వచ్చి ఏమీ అర్థంకాకుండా పోతుంది.

15 మిల్లీసెకన్ల వెడల్పు వినడానికి అంత బాగుంటుంది కనుకే చాలామంది మిక్స్ చేసేవాళ్ళు అక్కడ ఆగిపోతారు. ఆగకూడదు. ఆ రెండు ట్రాకులనూ మోనోగా, అంటే ఒకే ఛానెల్‌గా, కలిపి వినాలి. గొంతు తగరపు డబ్బాలోంచి వస్తున్నట్టు బోలుగా తయారవుతుంది. ఆలస్యమైన నకలు అసలుతో కలిసినప్పుడు కొన్ని స్థాయిలు రద్దవుతాయి, కొన్ని రెట్టింపవుతాయి. ఒక మిల్లీసెకను ఆలస్యానికి 500, 1,500, 2,500 హెర్ట్జ్ దగ్గర గుంతలు పడతాయి. 15 మిల్లీసెకన్లకు 33 హెర్ట్జ్ దగ్గర మొదలై ప్రతి 67 హెర్ట్జ్‌కూ ఒక గుంత, దువ్వెన పళ్ళలా. గొంతుకు నిండుదనం ఇచ్చే భాగమంతా అక్కడే ఉంటుంది.

దీనికన్నా మంచి దారి పాతదే. నకలు తీయకుండా గాయకుడి చేత రెండోసారి పాడించడం. రెండుసార్లు పాడినప్పుడు స్వరంలో, కాలంలో సూక్ష్మమైన తేడాలు వాటంతట అవే వస్తాయి. ఎడమన ఒకటి, కుడిన ఒకటి పెడితే వెడల్పు సహజంగా వస్తుంది. మోనోలో కలిపితే ఏదీ రద్దు కాదు, ఇద్దరు కలిసి పాడినట్టు ఉంటుంది. భజన బృందంలో పదిమంది గొంతులు కలిసినప్పుడు వచ్చే నిండుదనం ఇలాంటిదే. ఏ ఎఫెక్టూ దాన్ని పూర్తిగా అందుకోలేదు.

మైపాడు అలలు, చీమకుర్తి బండలు

హెడ్‌ఫోన్ల కోసమే పుట్టిన రికార్డింగు పద్ధతి ఒకటుంది. కాలరుకు తగిలించుకునే చిన్న మైకులు రెండు తీసుకుని, చెవి రంధ్రాల దగ్గర ఒక్కొక్కటి అమర్చుకుని రికార్డు చేస్తే తల నీడ, ఆలస్యం, చెవిడొప్ప చేసే సన్నని మార్పులు అన్నీ రికార్డింగులోకి వచ్చేస్తాయి. ఇలా తెల్లవారుజామున మైపాడు తీరంలో సముద్రానికి ముఖం పెట్టి నిలబడి రెండు నిమిషాలు తీసిన శబ్దాన్ని హెడ్‌ఫోన్లలో వింటే అల ఎడమ చివర విరగడం మొదలై కుడికి పాకుతూ రావడం, వెనక్కి లాగేటప్పుడు ఇసుకలో సన్నగా ఇంకడం, వెనక నడుస్తున్నవాళ్ళ మాటలు అన్నీ వాటి వాటి చోట్లలో ఉంటాయి. తల లోపల కాక బయట వినిపిస్తాయి. అదే రికార్డింగును స్పీకర్లలో పెడితే ఆ మాయ ఉండదు. మైకులు పట్టిన తల నీడకు తోడు వినేవాడి తల నీడ రెండోసారి పడుతుంది. స్వరం రంగు మారి, దిక్కులు మసకబారతాయి.

ఈ పద్ధతికీ హద్దు ఉంది. ముందు వెనకల తికమక వస్తుంది. నిజ జీవితంలో సందేహం వస్తే తల కాస్త తిప్పుతాం, చిక్కు విడిపోతుంది. హెడ్‌ఫోన్లలో తల తిప్పితే సముద్రం కూడా తలతో పాటు తిరుగుతుంది. చెవిడొప్ప ఆకారం మనిషికీ మనిషికీ మారుతుంది కనుక ఒకరి చెవులతో తీసినది మరొకరికి అంతే నిజంగా ఉండదు. తల కదలికను కనిపెట్టే కొత్త ఇయర్‌ఫోన్లు సరిచేయాలని చూస్తున్నది వీటినే.

అలల శబ్దంలో గమనించాల్సింది మరొకటి ఉంది. ఎడమ చెవికి చేరినదీ, కుడి చెవికి చేరినదీ పై స్థాయిల్లో దాదాపు పొంతన లేనివి. వాటిని మోనోలో కలిపితే వెడల్పు పోతుంది గానీ సముద్రం పోదు. ఒకేలా ఉన్న రెండు శబ్దాలు కలిస్తే 6 డెసిబెళ్ళు పెరుగుతాయి. పొంతన లేనివి కలిస్తే 3 డెసిబెళ్ళు పెరుగుతాయి. ఒకే శబ్దమూ, దాని తరంగాన్ని తలకిందులుగా తిరగేసిన నకలూ కలిస్తే ఏమీ మిగలదు. మిక్సింగు సాఫ్ట్‌వేరులో కనిపించే కోరిలేషన్ ముల్లు ప్లస్ ఒకటి నుంచి మైనస్ ఒకటి దాకా చూపించేది ఈ సంగతినే. సున్నాకు పైన తిరుగుతుంటే భయం లేదు. ఎక్కువసేపు మైనస్‌లో ఉంటే ఎవరో వాద్యాన్ని తిరగేసి వెడల్పు అనుకుంటున్నారు.

స్పీకర్లతో ప్రయోగం చేసేవాళ్ళకు ప్రకాశం జిల్లాలో ప్రత్యేకమైన అడ్డంకి ఒకటి ఉంది, కాళ్ళ కింద. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్, నల్లటి నేల మీద బంగారు చుక్కలతో, చూడటానికి ఆకాశంలా ఉంటుంది. శబ్దానికి మాత్రం అది అద్దం. మెరుగుపెట్టిన రాయి తన మీద పడిన శబ్దంలో ఒకటి రెండు శాతమే పీల్చుకుంటుంది. ఒంగోలులో కొత్తగా కట్టిన ఇంట్లో, సామాను చేరకముందు, హాలు నడుమ నిలబడి చప్పట్లు కొడితే ఆ ‘జింగ్’ మనే శబ్దం గోడకూ గోడకూ మధ్య గింగిరాలు తిరుగుతూ ఉంటుంది. అయిదు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు ఉన్న గదిలో నేలా గోడలూ పైకప్పూ సగటున మూడు శాతమే పీల్చుకుంటే ప్రతిధ్వని పూర్తిగా అణగడానికి లెక్క ప్రకారం మూడు సెకన్లకు పైగా పడుతుంది. అదే గదిలో పది చదరపు మీటర్ల మేర దళసరి పరుపులు, పరదాలు, మెత్తటి సోఫా చేరితే ఒకటింపావు సెకనుకు దిగుతుంది.

స్పీకరూ చెవీ మీటరు ఎత్తున, రెండు మీటర్ల దూరంలో ఉంటే నేల మీద పడి లేచిన శబ్దం రెండున్నర మిల్లీసెకన్లలోపే వెనక వస్తుంది. పక్క గోడలది మరికొన్ని మిల్లీసెకన్లు. హాస్ చెప్పినట్టు వీటిని విడిగా వినం, కానీ గాయకుడి అంచులు కరిగిపోతాయి. అలాంటి గదిలో సైడ్ పెంచే మీట నొక్కడమంటే మసకగా ఉన్న బొమ్మను సాగదీయడమే. ముందు స్పీకర్లను గోడకు రెండడుగులు ముందుకు తేవాలి. రెండు మీటర్ల త్రికోణాన్ని ఒక మీటరుకు తగ్గించుకోవాలి. దూరం సగమైతే నేరుగా వచ్చే శబ్దం 6 డెసిబెళ్ళు పెరుగుతుంది, గది వాటా తగ్గుతుంది. స్పీకర్లకూ కుర్చీకీ మధ్య నేల మీద పరుపు వేసి, అదే పద్యం మళ్ళీ వినాలి. పలచటి జంపఖానా చాలదు. అది పై స్థాయిలనే పీల్చుకుంటుంది, గొంతులోని కింది భాగం రాతి మీద పడి తిరిగి వస్తూనే ఉంటుంది. ఖర్చులేని ఈ మార్పు తర్వాత నడిమి గొంతు ఎంత చిక్కబడుతుందో విన్నవాళ్ళు వెడల్పు ఎఫెక్టుల జోలికి తొందరగా పోరు.

పాత పాటలకు తొడిగిన స్టీరియో విషయం కూడా చెప్పుకోవాలి. నెల్లూరు తిప్పరాజువారి వీధిలోని తన ఇంటిని 2020లో వేదపాఠశాల కోసం కంచి మఠానికి అప్పగించిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం 1966లో సినిమా పాట మొదలుపెట్టారు. ఆ రోజుల తెలుగు సినిమా పాట మోనో. గొంతూ వాద్యాలూ ఒకే దారిలో రికార్డయ్యాయి. అలాంటి రికార్డింగులను స్టీరియో పేరుతో అమ్మే ప్రయత్నాలు ప్రపంచమంతటా జరిగాయి. అమెరికాలో క్యాపిటల్ సంస్థ 1961 నుంచి డ్యుయోఫోనిక్ పేరిట మంద్ర స్థాయిలను ఒక పక్కకు, పై స్థాయిలను మరో పక్కకు ఒత్తిపెట్టి, మధ్యలో చిన్న ఆలస్యం కలిపింది. డెన్మార్క్ రేడియోలో హోల్గర్ లారిడ్సెన్ అంతకుముందే 1950ల్లో మరింత నేర్పుగా, ఒక పక్కకు దువ్వెన పళ్ళు, రెండో పక్కకు ఆ పళ్ళ మధ్య ఖాళీలు వచ్చేలా చేశారు. అందులో మేలేమిటంటే రెండూ కలిస్తే అసలు మోనో చెక్కుచెదరకుండా తిరిగి వస్తుంది. ఇప్పుడు కంప్యూటర్లు గొంతునూ వాద్యాలనూ విడదీసి కొత్తగా పంచుతున్నాయి. పని మెరుగుపడింది. అయినా తంబుర శ్రుతిలో, తబలా నాదం చివర వినిపించే నీటి బుడగల్లాంటి మరకలు చెవిని బాధిస్తాయి. మోనోలో పాడిన గొంతు మోనోలోనే నిండుగా ఉంటుంది. దాన్ని అలా వదిలేయడం ఆ గొంతుకు ఇచ్చే గౌరవం.

చివరికి మిగిలేది, ప్రయోగాలు చేసేవాళ్ళు తరచుగా మరచిపోయే శ్రోత. హెడ్‌ఫోన్లలో కాదు, త్రికోణంలో కాదు, ఒకే గొట్టం కింద నిలబడి వినేవాడు. స్వర్ణాల చెరువు ఒడ్డున బారాషహీద్ దర్గా రొట్టెల పండుగలోనో, శ్రీరామనవమి పందిట్లోనో, ఒకే బ్లూటూత్ స్పీకరు ఉన్న టీ కొట్టులోనో పాట వినేవాళ్ళ సంఖ్య తక్కువేమీ కాదు. మైకుసెట్టుకు ఫోనును కలిపేటప్పుడు రెండు ఛానెళ్ళనూ కలిపితే మిడ్ మాత్రమే మిగులుతుంది. ఒక ఛానెల్ వైరు మాత్రమే తగిలిస్తే రెండో పక్కకు నెట్టిన వాద్యాలన్నీ పోతాయి. ఒక చెవి వినిపించనివాళ్ళ కథా ఇదే. వాళ్ళ కోసమే ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఐఫోన్లలోనూ యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లో ‘మోనో ఆడియో’ అనే మీట ఉంచారు. మిక్స్ చేసేవాళ్ళకు అంతకన్నా చవకైన పరీక్ష లేదు.

ఆ మీట నొక్కి, ఫోనును వంటగదిలో పెట్టి, పక్కగదిలో నిలబడి వినాలి. గొంతు అలాగే ఉండి, తబలా అలాగే ఉండి, వయొలిన్లు కాస్త వెనక్కి తగ్గితే పని సవ్యంగానే జరిగింది. వయొలిన్లు పూర్తిగా మాయమైతే ఆ ట్రాకులో ఒక పక్కను ఎవరో తిరగేశారు. ఆ ఎఫెక్టు తీసేసి, వయొలిన్ వాయించినవారిని మళ్ళీ పిలిచి, అదే వరసను రెండోసారి వాయించమని అడగాలి. రెండోది కుడిన పెట్టి, మొదటిది ఎడమన పెట్టి, మళ్ళీ వంటగదిలోంచి వినాలి.